'ఈసిమో' అన్నిటికీ అతకదు

స్పానిష్ నేర్చుకునేవాళ్ళ మధ్య ఒక చిట్కా తెగ తిరుగుతోంది. "ఏ విశేషణానికైనా చివర 'ఈసిమో' తగిలిస్తే చాలు, 'చాలా' అన్న అర్థం వచ్చేస్తుంది. ముందు 'ముయ్' (చాలా) అన్నా ఇదే. ఎంత వాడితే అంత స్పానిష్‌వాళ్ళలా వినిపిస్తారు. తీవ్రతకు వేరే ప్రత్యయం లేదు." ఇందులో కొంత నిజం ఉంది, అదే చిక్కు.

"ఏ విశేషణానికైనా" అనడం తప్పు. ఎక్కువ తక్కువలు ఉండే గుణాలకే ఇది అతుకుతుంది. 'అనువాల్' అంటే వార్షికం. ఏడాదికోసారి జరిగేది ఇంకా వార్షికం ఎలా అవుతుంది? 'మెహోర్' (మెరుగైన) లాంటి పోలిక రూపాలకూ ఇది చేరదు.

"తగిలిస్తే చాలు" అన్నది అసలు గొడవ. 'ఆల్తో' (పొడవైన) బుద్ధిగా 'అల్తీసిమో' అవుతుంది. 'అమాబ్లే' (ఆప్యాయంగా ఉండే) మాత్రం 'అమాబిలీసిమో'. 'హోవెన్' (యువ) 'హోవెన్‌సీసిమో'. ఆ 'స్' మధ్యలో దూరింది. 'సెలెబ్రే' (ప్రసిద్ధ) అయితే 'సెలెబెర్రిమో', ఈసిమో జాడే లేదు. 'ఫ్వెర్తే' (బలమైన)కి 'ఫోర్తీసిమో', 'ఫ్వెర్తీసిమో' రెండూ ఒప్పే. మొదటిది పుస్తకాల వాసన, రెండోది రోజూ మాట్లాడేది. పలికేటప్పుడు 'ఈసిమో'లో ఊనిక ఎప్పుడూ 'ఈ' మీదే. 'రాపిదో'లో మొదటి అక్షరం మీదున్న ఊనిక 'రపిదీసిమో'లో అక్కడికి జరుగుతుంది. రాతలో ఊనిక గుర్తు కూడా దానితోపాటే వెళ్తుంది.

'ముయ్ ఆల్తో' అన్నది మామూలు మాట. 'అల్తీసిమో'లో మాట్లాడేవాడి ఆశ్చర్యం కూడా ఉంటుంది. రెండూ కలిపి 'ముయ్ అల్తీసిమో' అనడం ప్రామాణిక భాషలో కుదరదు. ఇంకోటి: వ్యాకరణంలో దీన్ని సూపర్‌లేటివ్ అంటారని 'అందరికంటే పొడవు' అనుకోకండి. దానికి 'ఎల్ మాస్ ఆల్తో' ఉంది.

మరీ ఎక్కువ వాడితే నవ్వులపాలే. 1615లో వచ్చిన సెర్వాంతెస్ నవల 'దోన్ కిహోతే' రెండో భాగంలో ఒక దొరసాని ఈసిమోల వాన కురిపిస్తుంది. కిహోతే సేవకుడు సాంచో ఊరుకుంటాడా? 'కిహోతీసిమో' అని యజమాని పేరుకే తగిలించి, 'దుఎన్యా' (దొరసాని) అనాల్సిన ఆమెనూ 'దుఎన్యీసిమా' చేసేస్తాడు.

ఇక "వేరే ప్రత్యయం లేదు" అనేవాళ్ళు 'గ్రాందోతే' (బాగా పెద్ద), పెరూలాంటి చోట్ల 'బుఎనాసో' (భలే మంచి) విననట్టుంది. వింతేమిటంటే, చిన్నదనం చెప్పే 'ఈతో' కూడా ఈ పని చేస్తుంది. 'నుఎవో' కొత్తది, 'నుఎవెసీతో' సరికొత్తది. కాఫీ 'కలెంతీతో' అంటే కాస్తే వేడి అనుకునేరు. మనం వేడివేడిగా అంటాం చూడండి, అలా.