మా అమ్మకు వచ్చిన కృతజ్ఞతా పత్రం

ఈ మధ్యాహ్నం నల్లకుంటలోని మా ఇంటికి ఒక సేవాసంస్థ నుంచి కవరు వచ్చింది. దాని మీద మా అమ్మ పేరుంది. నాన్నగారు కళ్లజోడు పెట్టుకుని పైకి చదవడం మొదలుపెట్టి, "మీరు నిండు నూరేళ్లు ఆయురారోగ్యాలతో వర్ధిల్లాలని..." అన్నచోట ఆగిపోయారు. అమ్మ పోయి ఏడాదిన్నర అయింది. వారు కృతజ్ఞత చెబుతున్న పది వేల రూపాయలు మార్గశిరంలో ఆమె సంవత్సరీకం నాడు పిల్లల భోజనాలకని నేను పంపినవి. వారి ఫారంలో 'జ్ఞాపకార్థం' అన్న గడిలో ఆమె పేరు నా చేత్తో నేనే రాశాను. ఆ గడి చదవడానికి అక్కడ ఎవరికీ తీరిక చిక్కలేదు కానీ, ఆశీర్వదించడానికి మాత్రం చిక్కింది.

ధన్యవాదాలు రెండు వాక్యాలు. కింద సగం పుట చింపి పంపడానికి వీలుగా చుక్కల గీత, 1,116, 5,116, 10,116 అని గళ్లు. బడులు తెరుస్తున్నారు కనుక మళ్లీ ఇవ్వాలట. మొదట ఇచ్చిన డబ్బుతో ఎందరు పిల్లలు ఎన్ని పూటలు తిన్నారో ఒక్క ముక్క లేదు. అసలు వీరు అడిగేటప్పుడు రాసే ఉత్తరాలూ ఇంతే: దధీచితో మొదలై, శిబి చక్రవర్తి మీదుగా కర్ణుడి దాకా వచ్చి, బ్యాంకు ఖాతా నంబరు దగ్గర ఆగుతాయి. నలభై మంది పిల్లలున్నారు, దుప్పట్లు లేవు, ఒక్కోటి మూడు వందలు అని రాస్తే కర్ణుడి అవసరం ఏముంటుంది?

మన పాత దానశాసనాలు చూడండి. ఎవరు, ఎవరికి, ఏ భూమిని, ఏ ఎల్లల మధ్య ఇచ్చారో రాతి మీద చెక్కించి, దాన్ని అపహరించినవాడు అరవై వేల ఏళ్లు అశుద్ధంలో పురుగై పుడతాడని శాపం కూడా జోడించేవారు. రాతి మీద అంత వివరం పట్టినప్పుడు వీరి రంగుల కాగితం మీద దాత పేరు సరిగ్గా పట్టలేదా?

రసీదు సంగతి ఇంకా గొప్పది. పాన్ నంబరు నాది, పేరు అమ్మది. రెండు వేలు మించి నగదుగా ఇస్తే ఆదాయపు పన్ను చట్టంలోని 80జి సెక్షన్ కింద విరాళానికి మినహాయింపు రాదని తెలిసే బ్యాంకు ద్వారా పంపాను; ఆ మినహాయింపు కోసం సంస్థ మే 31లోగా ఇవ్వవలసిన 10బిఇ అనే విరాళ ధ్రువపత్రం జూన్ నడుస్తున్నా రాలేదు. ఫోను చేస్తే, "పుణ్యానికి ఇచ్చి పన్ను లెక్కలేమిటి మేడమ్?" అన్నాడు ఒక కుర్రవాడు. నాయనా, మీ అడుగుడు ఉత్తరంలో పన్ను మినహాయింపు అని ఎర్రక్షరాలతో వేసింది మీరే కదా!

నా కడుపుమంట ఈనాటిది కాదు. పదేళ్ల కిందట మా కాలనీ సంఘం గ్రంథాలయానికి చందాలు వసూలు చేసినప్పుడు, నూట పన్నెండు మందికి పేరు పేరునా ఉత్తరాలు రాసింది నేను. కూరగాయల బండి మీద బతికే ఒకామె రెండు వందలిస్తే, ఆ డబ్బుతో పిల్లల నిఘంటువు కొన్నామని ఆమెకు రాశాను. కార్యదర్శిగారు ఆ వాక్యం కొట్టేసి, అక్కడ అధ్యక్షుల వారి ఫొటో వేయించారు. రెండు వందలకు ఇంత ఉత్తరమా అని నవ్వారు కూడా. ఆ నవ్వు నేను మరిచిపోలేదు, మరిచిపోను.

ఇప్పుడు వీరికి జవాబు రాస్తున్నాను. రసీదు నా పేరు మీద సరిచేయమని, ధ్రువపత్రం పంపమని, ఎన్ని పూటలు పెట్టారో చెప్పమని మూడే మాటలు. సంతకం ఎవరిది పెట్టాలన్నదే తేలడం లేదు. నేను పెడితే, దాత స్వయంగా రాయాలంటారేమో.