కొండ గొరిల్లాలకు డాక్టర్లెందుకు అంటున్నవారికి

అడవి జంతువుకు వైద్యమేమిటి, బలహీనమైనది పోవడమే ప్రకృతి ధర్మం, మందులిచ్చి గొరిల్లాలను పెంపుడు జంతువులు చేస్తున్నారు, ఎంత చేసినా ఆ జాతి నిలవదు అంటూ వాట్సాప్‌లో ఓ సందేశం తెగ తిరుగుతోంది. చదివినకొద్దీ బాధేసింది. అందులో ప్రతి మాటకూ జవాబుంది.

ముందు ఆ ‘ప్రకృతి ధర్మం’ సంగతి. రువాండా, ఉగాండా, కాంగో సరిహద్దుల్లోని విరుంగా కొండల్లో వేటగాళ్లు జింకల కోసం ఉచ్చులు పన్నుతారు. వెదురుబొంగు వంచి, దానికి తాడో తీగో ముడేసి, ఆకులు కప్పుతారు. ఆడుకుంటూ వచ్చిన గొరిల్లా పిల్ల అందులో చెయ్యి పెడుతుంది. గట్టిగా లాగితే తాడు తెగుతుంది గానీ, ముడి మణికట్టుకు బిగుసుకునే ఉంటుంది. రక్తం ఆడక వేళ్లు వాస్తాయి, చర్మం కోసుకుపోయి పుండు పడుతుంది. ఆ పిల్ల బలహీనమైనదేం కాదు, నిన్నటిదాకా చెట్లెక్కి దూకిన పిల్లే. 2009లో రువాండాలోని హిర్వా అనే గొరిల్లాల గుంపుకు సోకిన శ్వాసకోశ వ్యాధిలో ఓ పెద్ద ఆడ గొరిల్లా, ఓ పసికూన చనిపోయాయి. పరీక్షిస్తే బయటపడింది మనుషుల వైరస్. ఉచ్చు మనది, వైరస్ మనది. చావును మాత్రం ప్రకృతి ఖాతాలో రాసేస్తామా?

పెంపుడు జంతువులు చేస్తున్నారన్నది వట్టి అపోహ. 1986లో మొదలైన ఈ వైద్య బృందాన్ని ఇప్పుడు గొరిల్లా డాక్టర్స్ అంటున్నారు. మనుషుల వల్ల వచ్చిన కష్టమైతేనో, ప్రాణం మీదికొస్తేనో తప్ప వాళ్లు చెయ్యి వేయరు. చిన్నాచితకా జలుబులు, మగవి కొట్టుకున్న గాయాలు చాలావరకు వాటంతటవే మానాలి. తప్పనప్పుడు దూరం నుంచి మందు సూది పేలుస్తారు. ఉచ్చు కోయాలంటే మత్తివ్వాలి. పిల్ల తల్లి ఒళ్లో ఉంటే తల్లికీ మత్తివ్వాల్సి వస్తుంది. గుంపుకు పెద్దయిన మగ గొరిల్లా (సిల్వర్‌బ్యాక్) మీదికి రాకుండా, గొరిల్లాల జాడ పట్టే ట్రాకర్లు అడ్డు నిలబడితే, డాక్టర్లు అక్కడే నేలమీద కూర్చుని తాడు కోసి, పుండు కడిగి, మెలకువ రాగానే గుంపులోకి వదిలేస్తారు. బోనూ లేదు, ఆస్పత్రీ లేదు. మత్తులో ప్రమాదం ఉంది, నిజమే. అందుకే అంత ఆచితూచి చేస్తారు.

ఇక జాతి నిలవదన్న మాట. 1981లో విరుంగాలో 254 ఉన్న గొరిల్లాలు 2016 నాటి లెక్కకు 604 అయ్యాయి. 2011లో వెలువడిన అధ్యయనం ప్రకారం, మనుషులకు అలవాటుపడి, రోజూ కాపలా, వైద్యం అందే గుంపులు ఏటా 4.1 శాతం పెరిగాయి. అవి అందనివి 0.7 శాతం తగ్గాయి. ఆ తేడాలో 40 శాతం దాకా వైద్యం పుణ్యమేనని పరిశోధకులు తేల్చారు.

ఇదంతా టూరిస్టుల డబ్బు కోసమేనని కూడా ఆ సందేశంలో రాశారు. చాలావరకు ఆ డబ్బుతోనే కాపలా నడుస్తోంది, అందులో దాచేదేముంది? టూరిస్టుల శ్వాసతో జబ్బు పాకే ముప్పుంది కాబట్టే అక్కడ మాస్కు, దూరం నియమాలున్నాయి. జలుబుతో వచ్చినవాళ్లను గొరిల్లాల దగ్గరికి పంపకూడదన్నదీ ఆ నియమాల్లోదే.