సవరణ: ఏపీఓఈ-4 ఉంటే అల్జీమర్స్ ఖాయం కాదు

ఏపీఓఈ-4 అంటే ఏపీఓఈ అనే జన్యువులో ఒక రకం. "ఏపీఓఈ-4 ఉందని తేలితే అల్జీమర్స్ (మతిమరుపు జబ్బు) రావడం ఖాయం" అని పోయిన వారం రాశాను. అది తప్పు, నేను సరిచూసుకోకుండా రాశాను. మారతహళ్లిలో మా పక్క ఫ్లాట్ అక్క అది చదివి, తన జన్యు పరీక్ష రిపోర్టు నాలుగు మడతలు పెట్టి పర్సులో దాచుకుని టెన్షన్ పడుతోందని నిన్న తెలిసింది.

జెనెటిక్ కౌన్సెలర్‌ని (జన్యు పరీక్షల ఫలితాలు వివరించే నిపుణులు) అడిగి రాస్తున్నాను. ఏపీఓఈ-4 ముప్పును పెంచుతుంది, అంతే. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే వస్తే సుమారు 2-3 రెట్లు, ఇద్దరి నుంచీ వస్తే ఇంకా ఎక్కువ. అది ఉన్నా జబ్బు రానివాళ్లున్నారు, లేకపోయినా వచ్చినవాళ్లున్నారు. దాదాపు తప్పకుండా జబ్బు తెచ్చేవి వేరు: ఏపీపీ, ప్రెసెనిలిన్-1, ప్రెసెనిలిన్-2 జన్యువుల్లో వచ్చే కొన్ని మార్పులు. అవి చాలా అరుదు, మొత్తం కేసుల్లో 1 శాతం లోపే. అక్క చేయించుకున్నది వాటి పరీక్ష కాదు.