మా సైకిల్ కరకర గారికి, ఖాళీ చేయమని నోటీసు

కరకర గారికి,

నమస్కారం. ఈ ‘గారు’ ఇక్కడితో ఆఖరు. బిల్లులో పేరు లేనివాళ్లకి అంతకు మించి మర్యాద నా వల్ల కాదు.

బిల్లు నా దగ్గరే ఉంది, కావాలంటే చూసుకో. కొత్త చైను, వెనక ఎనిమిది గేర్ల కేసెట్ (అంటే పళ్లచక్రాల గుత్తి), గేరు కేబుల్, మజూరీ. ఎక్కడా నీ ప్రస్తావన లేదు. అయినా శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దాటకముందే కుడికాలి కిందనుంచి కరకరమంటూ ఊడిపడ్డావు. పాత సామాను ఉన్నప్పుడు ఈ సైకిల్‌ని చూసినవాళ్లంతా జాలిపడేవారు గానీ, అది మాత్రం నోరెత్తేది కాదు. అరిగిన చైనూ అరిగిన పళ్లూ ఒకదానికొకటి అలవాటుపడి గుట్టుగా కాపురం చేసుకునేవి. డబ్బులు పోసి బాగుచేయించాక మొదలైంది గోల.

నువ్వొచ్చావని తెలియగానే మా వీధిలో డాక్టర్లు ఎక్కువైపోయారు. పక్కింటి మావయ్య కొబ్బరినూనె రాయమన్నాడు. ఆయన బావమరిది ఆముదం అన్నాడు. ఆటోస్టాండు దగ్గర కుర్రాడైతే ఏకంగా, ‘కిరసనాయిల్లో ముంచి కడిగీసి, ఇంజినాయిల్ కొట్టండి బాబూ, గప్‌చుప్ అయిపోద్ది’ అన్నాడు. కొత్త చైనుకి ఫ్యాక్టరీలో పూసిన గ్రీజు లోపలి పిన్నుల దాకా దిగి ఉంటుంది. దాన్ని కష్టపడి కడిగి పారేసి, పైన జిడ్డుగా ఇంజినాయిల్ పోసి, కళింగపట్నం ఇసుకలో తిప్పితే ఆ నూనె ఇసుకా కలిసిన పేస్టు పళ్లని తినడం మొదలెడుతుంది. అంటే నీకు ఉద్యోగం పర్మనెంటు చేయడానికి ఇంతమంది ఉచితంగా పనిచేస్తున్నారన్నమాట.

ఒక రిటైర్డ్ మాస్టారు ఆగి, ‘మా కాలంలో సైకిళ్లకి ఈ రోగాలు లేవు’ అన్నారు. ఆయన్ని తప్పుపట్టలేను. వాళ్ల సైకిల్ చైనుకి ముందొక పళ్లచక్రం, వెనకొక పళ్లచక్రం, మధ్యలో పక్కకి వంగే పనిలేని చైను, దానిమీద నిండా రేకు కవరు. నువ్వు పుట్టాలన్నా చోటుండేది కాదు. అలాంటి చైనుకి ఇప్పటి రూపం 1880లో మాంచెస్టర్‌లో హాన్స్ రెనాల్డ్ ఇచ్చాడు, రోలరూ బుష్షూ పెట్టి. నీకు అసలు రోజులు వచ్చింది 1984 తరవాత, జపాన్ సైకిల్ సామాను కంపెనీ షిమనోవాళ్లు క్లిక్కు కొడితే గేరు పడే ఏర్పాటు మార్కెట్లోకి తెచ్చాక. అంతకుముందు గేరు సరిగ్గా కూర్చోకపోతే తొక్కేవాడే చెవి పెట్టి విని, లివర్‌ని రవ్వంత అటో ఇటో జరిపి నీ నోరు మూసేసేవాడు. ఇప్పుడు క్లిక్కుకీ క్లిక్కుకీ మధ్య ఆగడానికి లేదు, కేబుల్ కాస్త వదులైతే చాలు, ఎనిమిది గేర్లలోనూ నీ కచేరీయే.

సైకిల్‌ని దుకాణానికి తీసుకెళ్తే స్టాండెక్కించి చేత్తో పెడల్ తిప్పారు. నువ్వు మౌనవ్రతం. ‘ఏటీ లేదు బాబూ, కొత్త చైను గదా, రెండ్రోజులు తిరిగితే అదే సర్దుకుంటాది.’ చేత్తో తిప్పితే చైను మీద బరువెక్కడుంది? కళింగపట్నం రోడ్డులో మధ్యాహ్నం సముద్రం నుంచి ఎదురుగాలి కొడుతున్నప్పుడు తొక్కితే తెలుస్తుంది నీ ప్రతాపం. ‘పోనీ వేరే చైను వేసీమంటారా? అన్నీ ఒకటే’ అని ఇంకో డబ్బా కూడా చూపించారు. లింకు పొడవు వరకూ నిజమే, ఏ చైనైనా అర అంగుళమే, 12.7 మిల్లీమీటర్లు. లోపలి వెడల్పు మాత్రం పాత సింగిల్ గేరు చైనుకి 1/8 అంగుళం, నా ఎనిమిది గేర్లదానికి 3/32. ‘అన్నీ ఒకటే’ అన్న మాట మీద ఎన్ని సైకిళ్లు కరకరలాడుతున్నాయో మరి.

నీలో కూడా నువ్వొక్కడివే కాదని తరవాత తెలిసింది, ఉమ్మడి కుటుంబం. మొదట పోయింది కేబుల్ తాలూకు చప్పుడు. కొత్త కేబుల్ నాలుగు రోజులు లాగాక కాస్త వదులవుతుంది, చైను చిన్న చక్రం నుంచి పెద్దదానికి ఎక్కనని మొండికేస్తుంది. చైనుని ఒక చక్రం నుంచి ఇంకోదానికి జరిపే డీరెయిలర్ దగ్గరున్న గుండ్రటి అడ్జస్టర్‌ని అపసవ్యంగా అర చుట్టు తిప్పితే దారికొచ్చింది. రెండోది మొదటి గేరులో మాత్రమే గురగురలాడేవాడు. పాత కేసెట్‌లో పెద్ద చక్రానికి 28 పళ్లు, కొత్తదానికి 32. డీరెయిలర్ పై చిన్న చక్రం వెళ్లి ఆ పెద్దదానికి రాసుకుంటోంది. దానికోసం వెనకాల బీ స్క్రూ అని ఒకటుంటుంది, బిగిస్తే ఆ రెండూ దూరం జరుగుతాయి. ఆ స్క్రూ జోలికి దుకాణంలో ఎవరూ వెళ్లినట్టు లేదు.

మిగిలింది నువ్వు. నిన్ను పట్టుకోవడానికి నూనె డబ్బా కాదు, తాళజ్ఞానం కావాలి. తొక్కడం ఆపినా టిక్కుటిక్కుమంటే అది వెనక చక్రం మధ్యనుండే ఫ్రీహబ్ లోపలి పళ్లు, వాటి ఉద్యోగమే అది. పెడల్ చుట్టుకోసారి వస్తే పెడలో, అది బిగించిన క్రాంకు చెయ్యో, ఆ క్రాంకులు తిరిగే ఇరుసు (దాన్నే బీబీ అంటారు) బేరింగో అయ్యుండాలి. నా చైనుకి 116 లింకులు, ముందున్న మూడు పళ్లచక్రాల్లో మధ్యదానికి 38 పళ్లు. కాబట్టి ఎక్కడో ఒక లింకు బిగుసుకుపోయి ఉంటే దాదాపు మూడు తొక్కులకి ఒకసారి వినపడాలి. నువ్వు ఈ లెక్కలకి వేటికీ దొరకలేదు, ఆపకుండా అరుస్తూనే ఉన్నావు. ముందు పెద్ద చక్రం మీదకి మార్చాను, చప్పుడు లేదు. చిన్నదాని మీదా లేదు. మళ్లీ మధ్యదాని మీదకి రాగానే తయారయ్యావు.

దొరికావు! ఇన్నేళ్లూ ఊళ్లో తిరిగిందంతా ఆ మధ్య చక్రం మీదే. దాని పళ్లు ఒకవైపు అరిగి కొక్కేల్లా వంగాయి, కొత్త చైను లింకు వాటిలోంచి టైముకి వదిలించుకోలేక పీక్కుంటోంది. పాత చైను పిన్నులు అరిగి తనూ పొడవు పెరిగింది కాబట్టి అది ఈ పళ్లతో సర్దుకుపోయింది. దుకాణంవాళ్లు స్కేలు పెట్టి కొలిస్తే ముందే తెలిసేది. 24 లింకులు సరిగ్గా 12 అంగుళాలు ఉండాలి. ఇంకో 1/16 అంగుళం పెరిగితే చైను మార్చాలి, 1/8 పెరిగిందంటే పళ్లు కూడా పోయినట్టే. స్కేలు ఖరీదు పది రూపాయలు, అందుకేనేమో దానికి దుకాణంలో గౌరవం లేదు.

నిన్ను ఇవాళే పంపించేద్దామంటే ఇంకో చిక్కు. ముందు మూడు చక్రాల్నీ కలిపి రివెట్లు కొట్టేశారు, మధ్యది ఒక్కటే ఊడదు. సెట్టు మొత్తం కొనాలి, ఆ సెట్టు పాత బీబీ ఇరుసు పొడవుకి కుదరాలి, కుదరకపోతే అదీ కొనాలి. మీ కుటుంబం మళ్లీ పెరిగే సూచనలు కనపడుతున్నాయి.

కాబట్టి తాత్కాలిక ఒప్పందం. కొత్త సెట్టు వచ్చేదాకా మధ్య చక్రం నీది, నేను పెద్దదాని మీద తిరుగుతాను. ఈసారి సామాను ఒక్కొక్కటే మార్చి, మార్చినప్పుడల్లా తొక్కి చూస్తాను. చూసేది నేనే, స్టాండు మీద కాదు, ఎదురుగాలిలో.

ఇట్లు,
సైకిల్ యజమాని (బిల్లు ప్రకారం)

తా.క.: సీటు కింద నిన్నటినుంచి ఎవరో కిచకిచమంటున్నారు. నీ తాలూకువాళ్లేనా?