లెవిట్‌టౌన్ కథ చెప్పి మా బావకి ప్లాటు అమ్మబోయారు

రాత్రి పదకొండింటికి మా బావ ఫోన్ చేశాడు. "ఏటి, ఆ మెసేజ్ చదివావా? ఆదివారం భోగాపురం వెళ్దాం, అడ్వాన్స్ ఇచ్చేద్దాం." అప్పటికే ఆ మెసేజ్ మా విజయనగరం గ్రూపుల్లో నాలుగింటిలో తిరుగుతోంది. సారాంశం ఇది: 1947లో అమెరికాలో లెవిట్ అనే బిల్డర్ బంగాళాదుంపల పొలాలు కొన్నాడు. ప్రభుత్వం నుంచి పైసా తీసుకోలేదు. ఒక్కో ఇల్లు ఒక్క రోజులో కట్టాడు. ఎవరు ఏమిటని చూడకుండా మామూలు మనుషులందరికీ ఇచ్చాడు. అదే ప్రపంచంలో మొదటి గేటెడ్ కమ్యూనిటీ. ఆనాడు 8 వేల డాలర్లు పెట్టినవాడు ఈనాడు కోటీశ్వరుడు. మన ఎయిర్‌పోర్టు రోడ్డే రేపటి లెవిట్‌టౌన్. కింద ఒక ఫోన్ నంబరు.

పొలాల సంగతి నిజమే. న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలాండ్‌లో, 1947 నుంచి 1951 దాకా లెవిట్ అండ్ సన్స్ కంపెనీ 17 వేలకు పైగా ఇళ్ళు కట్టింది. తండ్రి అబ్రహాం, కొడుకులు విలియం, ఆల్ఫ్రెడ్. మెసేజ్‌లో నిజం దాదాపు ఇంతే.

"ఒక్క రోజులో ఇల్లు" దగ్గర మొదలుపెడదాం. ఏ ఇల్లూ ఒక్క రోజులో లేవలేదు. రోజుకు 30 ఇళ్ళు పూర్తయ్యేవి, 1948లో ఊపు మీదున్నప్పుడు 36 దాకా వెళ్ళాయి. ఈ రెండూ ఒకటి కాదు. టిఫిన్ హోటల్లో పెద్ద పెనం మీద పది అట్లు ఒకేసారి కాలుతుంటే నిమిషానికో అట్టు వస్తుంది. అంతమాత్రాన అట్టు నిమిషంలో కాలినట్టా? కార్ల ఫ్యాక్టరీలో కారు కదులుతుంది, మనిషి నిలబడతాడు. లెవిట్ దీన్ని తిరగేశాడు. ఇల్లు కదలదు కాబట్టి మనుషుల్ని కదిలించాడు. పనిని పాతికకు పైగా అంచెలుగా విడగొట్టాడు. ఒక గుంపు నేల మీద నేరుగా కాంక్రీటు పరిచి పక్క స్థలానికి పోతుంది, వెనకే ఇంకో గుంపు ముందే కోసి తెచ్చిన చెక్కతో గోడల చట్రాలు నిలబెడుతుంది. రంగులేసేవాళ్ళలో కూడా తెలుపు ఒకడిది, ఎరుపు ఇంకొకడిది. మన ఊడుపుల్లో ఆకు లాగేవాళ్ళు వేరు, నాటేవాళ్ళు వేరు కదా, దాదాపు అదే లెక్క. ఈ పద్ధతి కూడా 1947లో పుట్టలేదు. యుద్ధం రోజుల్లో వర్జీనియాలోని నార్ఫోక్‌లో నౌకాదళం పనివాళ్ళకి ఇళ్ళు కట్టినప్పుడే లెవిట్లకి దీంట్లో చెయ్యి తిరిగింది. అంటే ఆ పాఠం కూడా సర్కారు పనిలో నేర్చుకున్నదే.

ఇక "పైసా తీసుకోలేదు". చేతికి తీసుకోలేదేమో గానీ, అసలు ఆ ఊరు నిలబడిందే ప్రభుత్వం పూచీ మీద. 1934లో పెట్టిన ఎఫ్.హెచ్.ఏ. అనే ఫెడరల్ సంస్థ ఇంటి అప్పులకి బీమా ఇచ్చేది. కొన్నవాడు వాయిదాలు ఎగ్గొడితే బ్యాంకు మునగదు. 1944 చట్టంతో యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల అప్పులకి ప్రభుత్వమే హామీ నిలబడింది, చాలామందికి ముందు డబ్బు కట్టే పని కూడా లేకపోయింది. మన దగ్గర షూరిటీ సంతకం అంటే సొంత తోడల్లుడే ఫోన్ ఎత్తడు. అక్కడ అమెరికా ప్రభుత్వం వేలమందికి ఆ సంతకం పెట్టింది. ఆ ధైర్యంతోనే బ్యాంకులు లెవిట్‌కి డబ్బు పోశాయి. స్థానిక టౌన్ బోర్డు కూడా తన వంతు చేసింది. సెల్లార్ లేని ఇల్లు కట్టకూడదన్న నిబంధనని 1947 మే నెలలో లెవిట్ కోసం సడలించింది. పైగా మొదటి ఇళ్ళు అమ్మకానివి కావు, సైనికులకి నెలకు 60 డాలర్ల అద్దెకి ఇచ్చినవి. 8 వేల డాలర్ల మాట 1949లో వచ్చింది.

నాకు ఒళ్ళు మండింది మాత్రం "ఎవరు ఏమిటని చూడకుండా" అన్న ముక్కకి. లెవిట్‌టౌన్ మొదటి అద్దె ఒప్పందంలోనే, పెద్దక్షరాల్లో, ఒక షరతు ఉండేది: శ్వేతజాతివారు తప్ప ఇంకెవరూ ఈ ఇంట్లో ఉండకూడదు. ఇంటిపని చేసే నౌకరు మాత్రం వేరే జాతివాడైనా ఉండొచ్చు. అంటే గిన్నెలు తోమడానికి రావచ్చు, తాళంచెవి అడక్కూడదు. నల్లజాతి సైనికుడు అదే యుద్ధంలో పోరాడి, అదే చట్టం కింద హక్కు ఉండి, ఇక్కడ గడప దాటలేకపోయాడు. 1948లో అమెరికా సుప్రీంకోర్టు ఇలాంటి షరతుల్ని కోర్టులు అమలు చెయ్యకూడదని తీర్పిచ్చింది. షరతు కాగితం మీంచి పోయింది, అమ్మకాల్లో అలాగే నడిచింది. నల్లవాళ్ళకి అమ్మితే తెల్లవాళ్ళు కొనరన్నది విలియం లెవిట్ వాదన. ఆయన స్వయంగా యూదుడు, వివక్ష రుచి తెలియనివాడేం కాదు. పెన్సిల్వేనియాలో ఆయనే కట్టిన రెండో లెవిట్‌టౌన్‌లోకి 1957 ఆగస్టులో బిల్, డైసీ మయర్స్ అనే నల్లజాతి దంపతులు పిల్లలతో దిగారు. కంపెనీ దగ్గర కాదు, ఒక ఇంటి యజమాని దగ్గర కొన్నారు. బిల్ కూడా సైన్యంలో పనిచేసినవాడే. వారాల తరబడి రాత్రిళ్ళు ఇంటి ముందు గుంపులు, కిటికీ అద్దాలు పగిలేలా రాళ్ళు. చివరికి రాష్ట్ర పోలీసులు రావలసి వచ్చింది.

మనం వేలెత్తి చూపే స్థితిలో లేమనుకోండి. మా ఊళ్ళో అద్దె కాగితంలో అలాంటి ముక్క ఎవరూ రాయరు. కాఫీ ఇచ్చి, "మీ ఇంటిపేరేంటి నాయనా?" అని అడుగుతారు. రెండు రోజులాగి, "మా అబ్బాయి వస్తున్నాడు, ఇల్లు ఇవ్వట్లేదు" అంటారు.

ధర పెరిగిన మాటా నిజమే. కానీ ఆ పెరుగుదల చేరింది ఎవరికి? 1949లో లోపలికి రానిచ్చినవాళ్ళకి, వాళ్ళ పిల్లలకి. బయట ఆపినవాళ్ళ పిల్లలకి ఆ ఆస్తి అందలేదు. కోటీశ్వరుల లెక్క చెప్పేవాడు ఈ సగం కూడా చెప్పాలి.

గేటెడ్ కమ్యూనిటీ అన్నది నవ్వొచ్చే మాట. అక్కడ గేటు మాట దేవుడెరుగు, ఇంటి చుట్టూ కంచె వేసుకోవడానికే వీల్లేదు. వారానికోసారి గడ్డి కొయ్యాలి, ఆదివారం బయట బట్టలు ఆరెయ్యకూడదు. ఇది చెబితే మా అక్క, "ఆదివారం కాకపోతే ఇంకెప్పుడు ఉతుక్కుంటారు పాపం" అంది. మొదటిదీ కాదు. ప్లాన్ గీసి కట్టిన ఊళ్ళు అంతకుముందే ఉన్నాయి, ఇంగ్లండ్‌లో లెచ్‌వర్త్ అనే ఊరు 1903లోనే మొదలైంది. అంతదూరం ఎందుకు, మా కంటోన్మెంట్ కూడా దొరలు దండు కోసం ఊరికి ఎడంగా వేసుకున్న పేటే.

అన్నిటికంటే ముఖ్యం, లెవిట్ అమ్మింది ప్లాటు కాదు, ఇల్లు. 60 అడుగులకు 100 అడుగుల స్థలం, అందులో 750 చదరపు అడుగుల ఇల్లు, లోపల పొయ్యి, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్. స్థలం ఒక్కటే మన లెక్కలో 667 గజాలు, దాదాపు పద్నాలుగు సెంట్లు. మా ఊరి పక్క గుంకలాంలో 2020లో సర్కారు వేసిన లేఅవుట్‌లో మనిషికి సెంటు. ఒక్క లెవిట్ స్థలంలో పదమూడు గుంకలాం ప్లాట్లు పట్టి ఇంకా మిగులుతుంది.

ఆదివారం బావతో వెళ్ళాను, ఆపితే అలుగుతాడని. రోడ్డు మీద పెద్ద ఆర్చి, రంగు జెండాలు. లోపల కొత్త తారు, తెల్ల సున్నం పూసిన రాళ్ళు, వాటి మధ్య మొలిచిన సర్కారు తుమ్మ. నాకు 2009లో కొన్న నా ప్లాటు గుర్తొచ్చింది. అక్కడ రాళ్ళు కూడా పీకేశారు, ఇప్పుడు నాది ఏదో గేదెలకే తెలియాలి.

బావ చుట్టూ చూసి, "ఇల్లు ఏదీ?" అన్నాడు.

"ఇల్లు మీరే కట్టుకోవాలండి. 150 గజాలు, 200 గజాలు ఉన్నాయి."

"ఆ అమెరికా ఆయన 667 గజాలూ, ఇల్లూ, వాషింగ్ మెషీనూ కలిపి ఇచ్చాడంట కదా?"

ఏజెంటు కుర్రాడు తన ఫోన్ తీసి ఒకసారి చూసుకున్నాడు. "అది పాత మెసేజ్ సార్," అన్నాడు.