ఎనిమిది మూలల సర్కిల్

మహేంద్రతనయ నదికి ఈ ఒడ్డున, ఒడిశాలోని గజపతి జిల్లాలో మా ఊరు. పేరు అడక్కండి, చెబితే రేపట్నుంచి నాకు టీ నీళ్లు కూడా పుట్టవు. మూడు రోడ్లు కలిసేచోట ఈ మధ్య సర్కిల్ కట్టారు. వ్యాసం 20 అడుగులని బోర్డు మీద ఒడియాలో రాసుంది. ఎంచి చూశాను. సర్కిల్‌కి ఎనిమిది మూలలున్నాయి.

తాపీ మేస్త్రిని అడిగాను. "గుండ్రంగానే ఉంది కదా బాబూ! అలా అరటిపళ్ల బండి కాడ నిలబడి సూడండి." నిలబడ్డాను. ఎనిమిదే. "ఇంకొంచెం ఎనక్కెళ్లండి." మందులషాపు దాకా వెళ్లాను. అక్కడ కళ్లద్దాలు తీసి చూస్తే, ఉన్నమాట చెప్పుకోవాలి, గుండ్రంగానే ఉంది.

ఇంతలో కంట్రాక్టరు గారు బండి దిగారు. చదువుకున్న మనిషి. "భుజాలు పెంచుకుంటూ పోతే బహుభుజి వృత్తమైపోతుంది మాస్టారూ. లిమిటు! మీరు చెప్పిన పాఠమే కదా?" నేను చెప్పిందే. ముప్పయ్యేళ్లు చెప్పాను. పెంచుకుంటూ పొమ్మన్నాను గానీ, ఎనిమిదికే ఆపేసి కొబ్బరికాయ కొట్టెయ్యమనలేదు.

వృత్తం చుట్టుకొలత వ్యాసానికి ఎన్ని రెట్లో, అదే పై. దాన్ని పట్టుకోడానికి పాతకాలపు గ్రీకు లెక్కలాయన ఆర్కిమెడీస్ ఆరు భుజాలతో మొదలెట్టి, నాలుగుసార్లు రెట్టించి 96 దాకా వెళ్లాడు. అంత చాకిరీ చేసి కూడా "ఇదిగో పై" అనలేదు. 223/71 కన్నా ఎక్కువ, 22/7 కన్నా తక్కువ అన్నాడు. లోపలినుంచి ఒక గోడ, బయటినుంచి ఒక గోడ. మన ఆర్యభటుడు 20,000 వ్యాసానికి 62,832 చుట్టుకొలత అని చెప్పి, అది ఆసన్నమేనని, అంటే దగ్గరదగ్గరేనని, అదే శ్లోకంలో ఒప్పేసుకున్నాడు. ఆ ఒక్క ముక్క మా బోర్డు మీద లేదు.

ఎందుకుంటుంది? 20 అడుగుల వృత్తం వైశాల్యం సుమారు 314 చదరపు అడుగులు. అందులో ఇమిడే అష్టభుజి 283. మూలలు నేల మీదున్నాయి, బిల్లు మాత్రం నున్నగా గుండ్రంగా ఉంది. మధ్యలో 31 చదరపు అడుగులు ఏ అనంతంలో కలిశాయో!

"అయితే బిల్లూ లిమిటులోనే తీసుకోండి," అన్నాను. "లక్ష రూపాయలనుకుందాం. ఇవాళ సగం, యాభై వేలు. రేపు మిగిలినదాంట్లో సగం. ఎల్లుండి అందులో సగం."

"బాగానే ఉంది. మొత్తం ఎప్పటికి తీరుతుంది?"

"తీరదు. సమీపిస్తుంది. పదో వాయిదాకి బాకీ 98 రూపాయల లోపే."

"ఆ తొంభై ఎనిమిది ఎవడిస్తాడు?"

"దాంట్లోనూ సగం ఇస్తారు. దూరంనుంచి చూడండి, లక్షలాగే ఉంటుంది."

టీ గ్లాసు ఠక్కున పెట్టేసి లేచాడు. అర్ధరూపాయి దగ్గరకొచ్చేసరికి మనిషికి అనంతమంటే ఏమిటో ఎంత చక్కగా తెలిసిపోతుందో!

సరే, ఇటుకలే కదా. నవ్వేసి ఊరుకోవచ్చు. కానీ ఇదే లెక్క మా తెలుగు బడికీ వేస్తున్నారు. నేను రిటైరై దిగిన కుర్చీ ఇంకా ఖాళీగానే ఉంది. లెక్కల మాస్టరు "త్వరలో" వస్తాడు. తెలుగు పుస్తకాలు "త్వరలో" వస్తాయి. మొన్న వెళితే ముగ్గురు పిల్లలు ఒక్క పుస్తకం మీద వంగి ఉన్నారు, అట్ట ఊడితే సుతిలి తాడుతో కుట్టారు. వృత్తాల పాఠంలో నాలుగు పేజీలు లేవు. గిడుగు రామమూర్తి గారు పిల్లలకు పాఠాలు చెప్పిన పర్లాకిమిడి మాకు ఎంతో దూరం కాదు. సిగ్గు లేదా?

లిమిటంటే దాటవేత అనుకుంటున్నారా? తేడా ఎంతకన్నా తగ్గాలో నువ్వు చెప్పు, ఎన్ని భుజాలు దాటాక తగ్గుతుందో నేను చూపిస్తాను. లిమిటంటే అదీ! ఎంత చిన్న తేడా అడిగినా జవాబుండాలి. మీ "త్వరలో"కి ఏడాదని చెప్పగలరా? పదేళ్లని? ఒక్క అంకె, ఏదో ఒక్క అంకె చెప్పండి చూద్దాం!

నిన్న మేస్త్రి ఉలి పట్టుకుని మూలలు చెక్కుతూ కనిపించాడు. పదహారు చేస్తాడట. "ఇప్పుడు గుండ్రంగా వత్తంది బాబూ!" నిజమే, వస్తోంది. కాకపోతే బయటి వృత్తానికి కాదు, లోపలి వృత్తానికి. చెక్కుకుంటూ పోతే వైశాల్యం 268 చదరపు అడుగుల దగ్గర తేలుతుంది. బోర్డుకి మాత్రం కొత్తగా రంగేశారు. వ్యాసం 20 అడుగులే.