పారిపోయిన ఖైదీ, సస్పెండైన కానిస్టేబుల్

ఈ వార్త మీరూ ఎన్నోసార్లు చదివే ఉంటారు. రిమాండ్ ఖైదీని వాయిదాకి తీసుకెళ్లి తిరిగి జైలుకి తెస్తుండగా ఎస్కార్ట్ పోలీసుల కళ్లుగప్పి పరారయ్యాడు. బాత్రూమ్‌కి వెళ్లాలన్నాడు, లేదా భోజనానికి ఆగారు, లేదా బస్టాండ్‌లో జనంలో కలిసిపోయాడు. మర్నాడు ఇద్దరు కానిస్టేబుళ్ల సస్పెన్షన్. ఆపైన 'ప్రత్యేక బృందాలతో గాలింపు'. దొరికితే ముసుగేసి ప్రెస్‌మీట్‌లో నిలబెడతారు. దొరక్కపోతే మనమే మర్చిపోతాం.

కింద కామెంట్లు కూడా ఎప్పుడూ అవే. డబ్బులు తిని వదిలేసుంటారు. బేడీలు వేసుంటే పోయేదిగా. ఎన్‌కౌంటర్ చేసి పారేస్తే ఈ తలనొప్పే ఉండదు. ఈ మూడూ చూసి చూసి చిర్రెత్తుకొచ్చి రాస్తున్నాను. పోస్ట్ పెద్దదే, ఓపికున్నవాళ్లే చదవండి.

నేననేది ఇది. దారిలో ఖైదీ తప్పించుకున్నాడంటే, తప్పు చాలావరకు బండి జైలు గేటు దాటకముందే జరిగిపోయి ఉంటుంది. ఎంతమందిని పంపాలి, ఏ బండిలో పంపాలి, ఈ మనిషి ఎలాంటివాడు అన్నవి ఆఫీసులో కూర్చున్నవాళ్లు తేల్చే విషయాలు. విచారణ మాత్రం ఆ ఆఫీసు గుమ్మం తొక్కదు.

మన దగ్గర పద్ధతి తెలియనివాళ్ల కోసం కాస్త చెబుతాను. ఖైదీని లోపల చూసుకునేది జైళ్ల శాఖ. గేటు బయట అడుగుపెట్టాక బాధ్యత పోలీసు శాఖది, సాధారణంగా జిల్లా ఆర్మ్‌డ్ రిజర్వ్ వాళ్లది. రేపు ఎవరెవరు ఏ కోర్టులో హాజరు కావాలో జైలు నుంచి జాబితా వెళ్తుంది. దాన్నిబట్టి అక్కడ డ్యూటీలు వేస్తారు. అదే రోజు మంత్రిగారి పర్యటన ఉందనుకోండి, లేదా ఎన్నికలో, జాతరో, ధర్నా బందోబస్తో ఉందనుకోండి. ముందు మనుషులు అటు వెళ్తారు. మిగిలినవాళ్లలోంచి ఎస్కార్ట్ తీయాలి. మనుషులు లేకపోతే ఖైదీ ఆ వాయిదాకే వెళ్లడు, కేసు ఇంకో తేదీకి జరుగుతుంది. లేదా నలుగురు వెళ్లాల్సిన చోటికి ఇద్దరు వెళ్తారు. పదిమంది ఖైదీలుంటే వ్యాన్ ఇస్తారు. ఒక్కడే ఉండి, కోర్టు ఎక్కడో పక్క జిల్లాలో ఉంటే ఆర్టీసీ బస్సో, రైలో.

బస్సులో ప్రయాణికుల మధ్య ఖైదీ పక్కన కూర్చున్న కానిస్టేబుల్‌ని ఒకసారి ఊహించుకోండి. పొద్దున్నే బయల్దేరాడు. కోర్టులో కేసు పిలిచేదాకా వరండాలో నిలబడ్డాడు. ఖైదీకి ఆకలేస్తే తినిపించాలి, తనూ తినాలి. ఖైదీకి ఒంటికో రెంటికో వస్తే ఆపాలి, తనకొస్తే పక్కవాడికి అప్పజెప్పాలి. ఇద్దరే ఉన్నప్పుడు ఒకరు అటు తిరిగితే మిగిలేది ఒక్కరే. వాష్‌రూమ్‌కి వెనక కిటికీ ఉందో లేదో చూడాలని అందరికీ తెలుసు. కానీ అప్పుడు ముందు తలుపు దగ్గర ఎవరుంటారు?

ఇంతకంటే పెద్ద సమస్య ఒకటుంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. ఆ ఖైదీని నెలల తరబడి చూసినవాళ్లు జైలు సిబ్బంది. ములాఖత్‌కి ఎవరొస్తున్నారు, ఎవరితో జట్టు కట్టాడు, ఈమధ్య ఉన్నట్టుండి ఎందుకు మంచివాడైపోయాడు, అన్నీ వాళ్లకి తెలుస్తాయి. బయటికి తీసుకెళ్లేవాడు మాత్రం అతన్ని ఆ పొద్దున్నే మొదటిసారి చూస్తాడు. చేతికొచ్చే కాగితంలో పేరు, కేసు నంబరు, సెక్షన్లు ఉంటాయి. మనిషి గురించి ఏమీ ఉండదు.

ఇది మన దగ్గరి బీదతనం ఒక్కటే అనుకోకండి. డబ్బున్న ఫ్రాన్స్‌లోనూ ఇదే దెబ్బ తగిలింది. 2024 మే 14న మొహమ్మద్ అమ్రా అనే ఖైదీని రువాన్ కోర్టు నుంచి ఎవ్రూ జైలుకి తిరిగి తీసుకెళ్తుంటే ఇన్కార్విల్ టోల్ ప్లాజా దగ్గర ఎదురుగా ఒక కారు వచ్చి వ్యాన్‌ని గుద్దింది. పెద్ద తుపాకులతో ముఠా దిగింది. ఇద్దరు జైలు అధికారులు చనిపోయారు, ముగ్గురు గాయపడ్డారు. ఆ ఎస్కార్ట్‌లో ఉన్నదే ఆ ఐదుగురు. నాలుగు రోజుల ముందు అతనికి పడిన శిక్ష దొంగతనాలకి. ఆ కాగితం ఒక్కటే చూస్తే మామూలు దొంగ. అదే మనిషి మీద మార్సేలో కిడ్నాప్, హత్య కేసు నడుస్తోంది. పైగా కొద్ది రోజుల ముందే సెల్ కడ్డీలు కోయబోయి దొరికాడు. ఒక్కోటి ఒక్కోచోట తెలిసిన సంగతే. అన్నీ ఒక్కచోట పెట్టి 'ఇతనికి ఐదుగురు చాలరు, సాయుధ పోలీసులు కూడా వెళ్లాలి' అని అన్నవాళ్లు మాత్రం లేకపోయారు. తొమ్మిది నెలల తర్వాత, 2025 ఫిబ్రవరి 22న రుమేనియా రాజధాని బుకారెస్ట్‌లో అతను దొరికాడు. చనిపోయిన ఇద్దరూ ఎటూ రారు.

మన తీహార్ సంగతి ఇంకా విడ్డూరం. ఫూలన్‌దేవి హత్య కేసు నిందితుడు షేర్‌సింగ్ రాణాని 2004 ఫిబ్రవరి 17న హరిద్వార్ కోర్టుకి తీసుకెళ్లాలంటూ పోలీసు యూనిఫాంలో ఒకడొచ్చాడు. చేతిలో కాగితాలున్నాయి. దేశంలోనే అతి పెద్ద జైలు, ఆ కాగితాలు చూసి ఖైదీని అప్పజెప్పేసింది. కాగితాలు దొంగవి, పోలీసూ దొంగే. 2006లో కోల్‌కతాలో దొరికేదాకా రాణా బయటే ఉన్నాడు. అతను గోడ దూకలేదు, సొరంగం తవ్వలేదు, ప్రధాన ద్వారం గుండా దర్జాగా వెళ్లాడు. ఒక్క ఫోన్ చేసి కనుక్కుంటే ఆగిపోయే వ్యవహారం.

అమెరికాలో, అలబామా రాష్ట్రంలో 2022 ఏప్రిల్ 29న జరిగింది దీనికి అక్క వరస. విక్కీ వైట్ అనే జైలు ఉన్నతాధికారిణి కేసీ వైట్ అనే హత్య కేసు ఖైదీని మానసిక పరీక్ష కోసం కోర్టుకి తీసుకెళ్తున్నానని చెప్పి ఒంటరిగా కారెక్కించుకుంది. అలాంటి ఖైదీతో ఇద్దరు అధికారులు వెళ్లాలన్న రూల్ అక్కడుంది. ఆ రోజు ఆ పరీక్షే లేదు. అడ్డు చెప్పాల్సినవాళ్లు ఆమె కింద పనిచేసేవాళ్లు. మేడమ్ చెప్పింది కదా అని గేటు తెరిచారు. పేర్లు కలిశాయి గానీ వాళ్లు బంధువులు కారు, ఇద్దరూ కలిసే పారిపోయారు. మే 9న ఇండియానాలో పోలీసులు చుట్టుముట్టాక ఆమె చనిపోయింది, అతను దొరికాడు.

'డబ్బులు తిని వదిలేశారు' అనేవాళ్లకి ఇదే నా జవాబు. తినేవాళ్లు ఉంటారు, కాదనను. కానీ ఒక్క మనిషి అమ్ముడుపోతే ఖైదీ బయటపడే ఏర్పాటు ఉందంటే, ఆ ఏర్పాటు చేసినవాణ్ణి ముందు అడగాలి. ఇద్దరు వెళ్లాలి, కోర్టుతో ఫోన్లో ధృవీకరించుకోవాలి, గేటు దగ్గర ఇంకొకరు సంతకం పెట్టాలి అనే రూల్స్ పెట్టిందే ఎవడో ఒకడు అమ్ముడుపోతాడన్న లెక్కతో.

ఇక బేడీలు. సుప్రీంకోర్టు బేడీలు వేయొద్దంది కాబట్టే ఖైదీలు పారిపోతున్నారని చదువుకున్నవాళ్లు కూడా రాస్తుంటారు. 1980లో ప్రేమ్‌శంకర్ శుక్లా కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ అన్నది వేరు. అలవాటుగా, అందరికీ వేయొద్దు. వేయక తప్పదనుకుంటే కారణం రాయి. 1995లో అస్సాం కేసులో కోర్టు ఇంకో మెట్టెక్కి, మేజిస్ట్రేట్ అనుమతి తీసుకోమంది. 2024 జులై నుంచి అమల్లోకొచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 43వ సెక్షన్ అయితే హత్య, అత్యాచారం, ఉగ్రవాదం, మాదకద్రవ్యాల వంటి కేసుల్లోనూ, గతంలో కస్టడీ నుంచి పారిపోయినవాళ్ల విషయంలోనూ అరెస్టప్పుడు, కోర్టుకి తీసుకెళ్లేటప్పుడు బేడీలు వేయొచ్చని చట్టంలోనే రాసేసింది. అంటే వేయాల్సిన చోట వేసే దారి అప్పుడూ ఉంది, ఇప్పుడు ఇంకా ఉంది. అనుమతి కాగితం రాసే ఓపిక లేక చాటుగా వేయడమో, గొడవెందుకని అసలు వేయకపోవడమో మన అలవాటు.

అదే 1980 తీర్పులో ఇంకో మాట కూడా ఉంది. గొలుసులే దారి కాదు, ఎస్కార్ట్‌లో మనుషుల్ని పెంచండి, అవసరమైతే ఆయుధాలివ్వండి, ప్రత్యేక శిక్షణ ఇవ్వండి, రక్షణ ఉన్న వాహనాల్లో తీసుకెళ్లండి అని. నలభై ఏళ్లు దాటింది. తీర్పులో బేడీల ముక్క అందరికీ గుర్తుంది. మనుషులు, బండ్లు, శిక్షణ గురించిన ముక్క ఏ ప్రభుత్వానికీ గుర్తులేదు, అది ఖర్చుతో కూడుకున్నది కాబట్టి.

బేడీలుంటే అంతా భద్రమే అనుకునేవాళ్లు 2023 ఏప్రిల్ 15 రాత్రి ప్రయాగ్‌రాజ్‌లో జరిగింది గుర్తు తెచ్చుకోవాలి. గ్యాంగ్‌స్టర్, మాజీ ఎంపీ అతీక్ అహ్మద్‌ని, అతని తమ్ముణ్ణి వైద్య పరీక్షకి తీసుకెళ్తున్నారు. ఇద్దరికీ బేడీలున్నాయి, చుట్టూ పోలీసులున్నారు, ఎదురుగా టీవీ కెమెరాలున్నాయి. విలేకరుల వేషంలో వచ్చిన ముగ్గురు దగ్గర నుంచి కాల్చి చంపేశారు. అతీక్ మీద నాకు జాలేం లేదు. కానీ ఎస్కార్ట్ అంటే ఖైదీ పారిపోకుండా చూడటం ఒక్కటే కాదు, కోర్టు అప్పగించిన మనిషిని ప్రాణాలతో తిరిగి కోర్టుకి అప్పగించడం కూడా. అంతమంది మధ్యలోకి తుపాకులతో ముగ్గురు రాగలిగారంటే, ఇంకోరోజు ఆ ముగ్గురే అతన్ని విడిపించుకుపోయేవాళ్లు కూడా కావచ్చు.

మూడో కామెంట్‌కి వస్తాను. 'పారిపోబోయాడు, కాల్చాం' అనే కథ మన తెలుగువాళ్లకి కొత్త కాదు. 2015 ఏప్రిల్ 7న వికారుద్దీన్ సహా ఐదుగురు విచారణ ఖైదీలను వరంగల్ జైలు నుంచి హైదరాబాద్ కోర్టుకి తెస్తూ ఆలేరు దగ్గర కాల్చేశారు. ఆయుధాలు లాక్కోబోయారన్నది పోలీసుల మాట. వ్యాన్‌లో సీట్ల మీద బేడీలతో పడి ఉన్న శవాల ఫొటోలు అందరం చూశాం. 2019 డిసెంబరు 6న చటాన్‌పల్లిలో దిశ కేసు నిందితులు నలుగురి విషయంలోనూ అదే మాట చెప్పారు. సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ ఆ కథ నమ్మలేదు, చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని 2022లో తేల్చింది. ఆ రోజు పోలీసుల మీద పూలు చల్లినవాళ్లలో ఎంతమంది ఆ నివేదిక చదివారో తెలియదు.

ఎన్‌కౌంటర్ గొడవ ఎస్కార్ట్ గొడవ రెండూ వేరని మీరనొచ్చు. నాకు అలా అనిపించదు. ఖైదీని తీసుకెళ్లే పద్ధతి ఎంత అస్తవ్యస్తంగా ఉంటే, పారిపోబోయాడన్న కథ అంత తేలిగ్గా నమ్మేస్తాం. పోలీస్ స్టేషన్లన్నిటిలో కెమెరాలు పెట్టమని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఎస్కార్ట్ బండి కూడా కస్టడీయే కదా, అందులో కెమెరా ఎందుకుండకూడదు? అది ఉంటే నిజంగా పారిపోయినప్పుడు కానిస్టేబుల్ తప్పెంతో తెలుస్తుంది, పారిపోనప్పుడు కూడా తెలుస్తుంది. రెండోదాని వల్లే పెట్టరేమోనని నా అనుమానం.

మరేం చేయాలంటారా? అన్నిటికంటే ముందు ఈ తిప్పడం తగ్గించాలి. 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలే. ప్రతి నలుగురిలో ముగ్గురు. మేజిస్ట్రేట్ రిమాండ్‌ని ఒక్కసారికి పదిహేను రోజులకి మించి పొడిగించడానికి వీల్లేదు, అంటే వీళ్లలో చాలామంది పేర్లు మళ్లీ మళ్లీ కోర్టు ముందుకు రావాల్సిందే. మొదటిసారి నేరుగా హాజరుపరిచాక, ఆ తర్వాతి పొడిగింపులు వీడియోలో చేయొచ్చని చట్టం ఎప్పుడో ఒప్పుకుంది. వంద కిలోమీటర్లు తీసుకెళ్లి, రెండు నిమిషాలు నిలబెట్టి, తేదీ చెప్పించుకుని వెనక్కి తెచ్చే ప్రయాణాలు ఇప్పటికీ ఎన్ని జరుగుతున్నాయో ఏ కోర్టు వరండాలో నిలబడ్డా కనిపిస్తుంది. కొన్నిచోట్ల తెర ఉంటుంది, లింక్ కలవదు. లింక్ కలిస్తే ఫైలు రాదు.

అలాగని అంతా వీడియోలోనే కానివ్వమని నేననను. లోపల కొట్టారని చెప్పాలంటే ఆ మాట వినబడని దూరంలో జైలు సిబ్బంది ఉండాలి, వీడియో గదిలో వాళ్లు పక్కనే ఉంటారు. లాయర్‌తో రెండు ముక్కలు మాట్లాడాలన్నా, ఇంట్లోవాళ్ల మొహం చూడాలన్నా కొందరికి కోర్టు రోజే దిక్కు. సాక్షుల విచారణకి మనిషి ఎదురుగా ఉండాల్సిందే. ఉత్త తేదీ కోసం చేసే ప్రయాణం ఆపితే, అలా మిగిలిన మనుషులు నిజంగా అవసరమైన ప్రయాణానికి దొరుకుతారు. ఆసుపత్రి ప్రయాణం ఎటూ తప్పదు, అదే అన్నిటికంటే గడ్డుది. రోగమొచ్చే టైమ్ ఎవరి చేతిలోనూ లేదు, అక్కడ తలుపులు ఎవరికీ మూయరు, మంచం పక్కన రాత్రంతా కాపలా కాసేది తరచుగా ఒక్కడే.

చట్టంలో ఒక తమాషా కూడా చెప్పి వదిలేస్తాను. భారతీయ న్యాయ సంహితలో కస్టడీ నుంచి పారిపోయినవాడికి 262వ సెక్షన్ కింద పడే గరిష్ఠ జైలు శిక్ష రెండేళ్లు. నిర్లక్ష్యంతో పోనిచ్చిన ఉద్యోగికి 261వ సెక్షన్ కింద కూడా గరిష్ఠంగా రెండేళ్లే, కాకపోతే సాధారణ జైలు. పారిపోయినవాడూ, అటు తిరిగి చెయ్యి కడుక్కున్నవాడూ దాదాపు ఒకే గాటన. నలుగురు వెళ్లాల్సిన చోట ఇద్దరి పేర్లే రాసి పంపిన అధికారి ఈ రెండు సెక్షన్లలో ఎక్కడా కనబడడు.

కాబట్టి ఈసారి ఏ ఖైదీ అయినా పరారైనప్పుడు, సస్పెన్షన్ ఆర్డర్‌తో పాటు ఇంకో నాలుగు సంగతులు బయటపెట్టమని మన విలేకరులు అడగాలి. ఆ ఖైదీకి ఎంతమంది ఎస్కార్ట్ అని నిర్ణయించారు? ఆ పొద్దున ఎంతమంది వెళ్లారు? తక్కువ వెళ్తే మిగతావాళ్లు ఆ టైమ్‌కి ఎవరి బందోబస్తులో ఉన్నారు? అతని గురించి జైలు వాళ్లు ఎస్కార్ట్‌కి రాసిచ్చిన కాగితం ఉందా, ఉంటే అందులో ఏముంది? సమాచార హక్కు కింద అడిగితే భద్రతా కారణాలని తోసిపుచ్చుతారు, తెలుసు. పారిపోయాక ఇంకా దాచాల్సిన భద్రత ఏం మిగిలిందో ఆ జవాబులో రాసివ్వమని అప్పీలులో అడగండి.